ఎత్తిన రాయి ఎత్తినట్టే

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. పడమట కొండ మీద మాత్రం మబ్బు ఈననున్న గేదెలా బరువుగా పడుకుని, లేవాలా వద్దా అని ఆలోచిస్తోంది. అలాంటి రోజున నీళ్ల మీద వెలుతురు మెత్తగా పడుతుంది. మనిషి నీడ చేపకి కనపడదు. గాలం వేసేవాడికి అంతకన్నా మంచి రోజు దొరకదు.

బోదెపు తవిటయ్య ఆకాశం చూసి, చూరులో దోపిన వెదురు కర్ర తీశాడు. భార్యతో ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. కర్ర తీసినవాడు సంతకి పోతున్నాడని ఎవరూ అనుకోరు.

గెడ్డంచువలస అనే ఆ ఊరు కొండ దిగువన, సన్నగెడ్డ ఒడ్డున ఉంటుంది. గెడ్డంటే అక్కడివాళ్లకి కొండవాగు. నిండా రాళ్లు. వల వేస్తే చిరిగి పీలికలవుతుంది. అందుకని తాతల నాటి నుంచీ గాలమే. సన్న కర్ర, కర్రంత దారం, మినపగింజంత సీసం, కింద చిన్న కొక్కెం. బెండు కూడా కట్టరు. దారం నీళ్లలోకి దిగేచోట చూపు నిలపాలి. చేప ముట్టగానే దారం ఒక్క రెప్పపాటు తడబడుతుంది. అంతే. ఆ తడబాటు కనిపెట్టినవాడికి కూర, కనిపెట్టనివాడికి చోడి అంబలి.

ఎర రాళ్ల కిందే ఉంటుంది. పారే నీళ్లలో రాయి తిరగేస్తే అడుగున నల్లగా, చదునుగా, మూడేసి తోకల పురుగులు అతుక్కుని కనిపిస్తాయి. వెలుతురు తగలగానే అవతలి పక్కకి పరిగెడతాయి. వాటిని రాతిపురుగులంటారు. సన్నగెడ్డలో పరిగె చేప ముట్టేది ఆ పురుగునే. ఎర్రని, అంటే వానపాముని, గుచ్చితే జెల్ల చేపలు పడతాయి, అవి వేరే సంగతి.

పురుగుని తీసుకున్నాక రాయిని ఎత్తినట్టే పెట్టాలి. పాచి పైకి, పురుగుండే వైపు కిందికి, కొస నీరొచ్చే దిక్కుకి. అలా పెట్టకపోతే ఇంట్లో పొయ్యిరాయి కదులుతుందని ఆ ఊరి నమ్మకం. ఎవరి పొయ్యి కదిలిందో ఎవరూ చూడలేదు. చూడవలసిన అవసరం రాలేదు, అందరూ పెట్టేవాళ్లే కనక.

తవిటయ్య మోకాలి లోతు నీళ్లలో వంగి ఒక రాయి ఎత్తి, రెండు పురుగులు తీసి, రాయిని మళ్లీ పెడుతుంటే గట్టు మీద జీపు ఆగింది. అందులోంచి ఒక ఆఫీసరు దిగాడు. ఆయన వెనక, గొడుగు ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుని గుమస్తా దిగాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు ఆఫీసరు.

"రాయెత్తినాను బాబూ."

"ఇప్పుడు?"

"పెడతన్నాను."

"ఎందుకు పెడుతున్నావు?"

ఆ ప్రశ్న తవిటయ్యని అంతవరకు ఎవరూ అడగలేదు. పెట్టక, చంకనెత్తుకుని తిరుగుతారా? కాసేపు ఆలోచించి, "ఎత్తిన రాయి ఎత్తినట్టే పెట్టాల బాబూ," అన్నాడు.

ఆఫీసరు మొహం వెలిగిపోయింది. ఆయన పేరు చిదానందం. శిలా జలచర సమన్వయ విభాగానికి సహాయ సంచాలకుడు. ఒక్కో డివిజను నుంచి ఒక్కో 'స్థానిక ఉత్తమ ఆచారం' వెతికి పంపమని పైనుంచి హుకుం వచ్చింది. గడువు దగ్గరపడింది. ఆయన ఊరూరా తిరుగుతున్నాడు. జనం తింటున్నారు, పడుకుంటున్నారు, తగువులాడుకుంటున్నారు. ఆచారమన్నది ఒక్కటీ పైకి పంపేలా లేదు. ఇప్పుడు కాళ్ల దగ్గరే దొరికింది.

"మళ్లీ చెప్పు," అన్నాడు.

తవిటయ్య మళ్లీ చెప్పాడు.

"పాత్రుడూ! రికార్డు చెయ్యి. ఇది కేవలం రాయి కాదయ్యా, ఒక దృక్పథం!"

గుమస్తా పాత్రుడు గొడుగు చంకలో పెట్టి ఫొటోలు తీశాడు. మొదట ఎత్తుతున్నట్టు. తర్వాత పెడుతున్నట్టు. తర్వాత సారు పక్కన నిలబడి చూస్తున్నట్టు. ఆ తర్వాత సారు ఎత్తుతుంటే తవిటయ్య చూస్తున్నట్టు. ఇదయ్యేసరికి ఎండ పైకొచ్చింది, నీడలు నీళ్లలో పడ్డాయి. ఉన్న రాతిపురుగులూ పక్క రాళ్ల కిందికి కాపురం మార్చేశాయి. చేపలు అంతకు ముందే పోయాయి.

తవిటయ్య ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. గుమ్మంలో భార్య సూరీడమ్మ చేట పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూతురు గౌరి, పురిటికొచ్చిన పిల్ల, చింతపండు చప్పరిస్తోంది.

"సేపలేవి మావా?"

"ఫొటో తీసారు."

"సేపలికా?"

"నాకు."

"అలగైతే నిన్నే పులుసెట్టీనా?" అంది సూరీడమ్మ. గౌరి నవ్వబోయి పొట్ట పట్టుకుంది.

పక్షం తిరక్కుండానే గెడ్డ ఒడ్డున రేకు బోర్డు లేచింది. అది గాలికి పడిపోకుండా చుట్టూ గెడ్డలోని రాళ్లే తెచ్చి పేర్చారు. బోర్డు మీద ఇలా ఉంది:

'శిలా యథాస్థాన పరిరక్షణ పథకం. సదరు గెడ్డయందలి ఏ శిలనైనను, ఏ వ్యక్తియైనను, ఏ కారణముచేతనైనను, పూర్వానుమతి లేకుండ కదిలించుట, తిరగవేయుట, ఎత్తుట, లేక ఎత్తు ఉద్దేశముతో తేరిపార చూచుట నిషేధము.'

బోర్డు వచ్చాక రంగు డబ్బాలొచ్చాయి. రాయి కదిలిందో లేదో తెలియాలంటే ముందు ఏది ఏ రాయో తెలియాలని చిదానందం గారు కనిపెట్టారు. అందుకని పాత్రుడు మనుషుల్ని పెట్టి, రేవు పొడుగునా ప్రతి రాయి మీదా తెల్ల రంగుతో ఒక అంకె వేయించాడు. ఏ అంకె ఎక్కడుందో పెద్ద పటం గీయించాడు. దూరం నుంచి చూస్తే గెడ్డ అంతా లెక్కల పలకలా ఉండేది. కొంగలు నాలుగు రోజులు వాలలేదు.

ఎర కావాలనుకున్నవాడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వం ఎవరి పొట్టా కొట్టదు. కాకపోతే ఆ దరఖాస్తు కాగితం అంతకు ముందు వేరే దేనికో అచ్చు వేయించింది, పైన శీర్షిక మాత్రం మార్చారు. తవిటయ్య పక్కింటి దాలినాయుడు నోటి దురుసు మనిషి. పాత్రుడు బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే, ఎదురుగా గొంతుక్కూర్చుని దరఖాస్తు నింపించాడు.

"పురుగు పేరు?" అన్నాడు పాత్రుడు.

"రాతిపురుగు."

"తండ్రి పేరు?"

"ఎవులికి, నాకా?"

"పురుక్కి."

"అదీ రాతిపురుగే బాబూ. ఆల వంశంలో కులాంతరం నేదు."

"వృత్తి?"

"రాయి కింద ఉండడం."

పాత్రుడు అంతా రాసుకుని పైకి పంపాడు. కొన్నాళ్లకి తిరిగొచ్చింది: 'నివాస ధ్రువీకరణ పత్రము జతపరచనందున తిరస్కరించడమైనది.'

"దాని ఇల్లు మీరే నెంబరేసినారు కదా!" అని దాలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంటికి నెంబరున్నంత మాత్రాన ఇంట్లో ఉన్నట్టా?" అన్నాడు పాత్రుడు. నిజానికి పాత్రుడు చెడ్డవాడు కాదు. ఆయనకి చెప్పింది ఆయన చెప్పేవాడు.

ఆ నెలలోనే చిదానందం గారికి మరో సందేహం కలిగింది. గెడ్డలోంచి పూర్వం ఎత్తుకుపోయిన రాళ్ల మాటేమిటి? అవి ఎత్తినట్టే పెట్టనివి కదా? వెంటనే సవరణ వచ్చింది. గెడ్డ రాయి ఎక్కడున్నా గెడ్డ రాయే. పాత్రుడు రంగు డబ్బా పట్టుకుని ఇళ్లలోకి దిగాడు. బట్టలుతికే బండలకి, గుమ్మం ముందు మెట్లకి, పొయ్యిరాళ్లకి అంకెలేశాడు. సూరీడమ్మ సన్నికల్లు మీద కారం నూరుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పైరాయి ఒక్క నిమిషం ఆపు. నెంబరెయ్యాల."

"ఏసీ."

వేశాడు. వేసి, గొంతు సవరించుకుని, "ఇకమీదట దీన్ని కదపాలంటే అనుమతి ఉండాల," అన్నాడు.

"కదపకుండా కారం ఎలాగ నూరుతారు బాబూ?"

"అది సవరణలో నేదమ్మా."

సూరీడమ్మ నెంబరున్న ఆ పైరాయి ఎత్తింది. నూరడానికి కాదు. పాత్రుడు అంత వేగంగా పరిగెత్తగలడని ఆ ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

ఇంత జరుగుతుంటే తవిటయ్య ఏం చేస్తున్నాడంటే, టోపీ పెట్టుకుని గెడ్డ గట్టున నిలబడి ఉన్నాడు. పథకానికి మూలపురుషుడు ఆయనే కనక ఆయన్నే గౌరవ శిలా సంరక్షకుణ్ణి చేశారు. వద్దందామనుకున్నాడు. ఆ మాట ఎలా అనాలా అని వెతుక్కునే లోపల తలమీద టోపీ, మెడలో ఈల పడిపోయాయి. ఖాకీ రంగు టోపీ. లోతైనది, ఎండకి బాగానే ఉంది. అయినా ఇంటికొచ్చాక తవిటయ్య దాన్ని తన తువ్వాలు తగిలించే మేకుకి కాక వేరే మేకుకి తగిలించడం సూరీడమ్మ గమనించింది.

ఒకటే చిక్కు. సంరక్షకుడు గాలం వేయకూడదు. రాళ్లు కాచేవాడే రాళ్లు ఎత్తితే అది 'ప్రయోజన సంఘర్షణ' అవుతుందని ఉత్తర్వులో ఉంది. పక్కన చిన్నక్షరాల్లో, 'శిల కదిలినట్లు దృష్టికి వచ్చిన తక్షణము ఈల వేయవలెను' అని కూడా ఉంది.

గౌరి ఆడపిల్లని కన్నది. పిల్ల గుప్పెడంత ఉన్నా గొంతు ఊరంత ఉంది. రెండు రోజులు చూశారు, మూడు రోజులు చూశారు, తల్లికి పాలు సరిగా పడలేదు. పిల్ల నోరు పెట్టి లాగేది, రాకపోతే విదిలించుకుని ఏడ్చేది. గౌరి గోడవైపు తిరిగి తనూ ఏడ్చేది. ఆ ఊళ్లో బాలింతకి పాలు పడాలంటే ఒక్కటే కూర: గెడ్డ పరిగెలు, వెల్లుల్లి, మిరియాలు. గౌరి పుట్టినప్పుడు సూరీడమ్మకి అదే పెట్టారు. సూరీడమ్మ పుట్టినప్పుడు వాళ్లమ్మకీ అదే.

"సంతలో ఐసు సేప దొరుకుద్ది," అన్నాడు తవిటయ్య మెల్లగా.

"ఐసు సేపెడితే పాలు కూడా ఐసైపోతాయి."

"ఎర్ర గుచ్చితే జెల్లలు..."

"జెల్ల బాలింతకి వాతం. నీకు తెల్దేటి? టోపీ ఎట్టీసరికి బుర్రకి గాలాడక మర్సిపోనావేటి?" అంది సూరీడమ్మ. లోపల పిల్ల గుక్కపట్టింది. "మావా, ఆ టోపీ నువ్వు ఉంచుకో. నాకు నాలుగు పరిగెలు తెచ్చి పడీ."

తవిటయ్య కర్ర తీశాడు. టోపీ పెట్టుకోలేదు. ఈల మెడలోంచి తీయడం మర్చిపోయాడు.

గెడ్డకి వెళ్లాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. వంగి ఒక నెంబరు రాయి ఎత్తాడు. అడుగున పురుగులు పరిగెత్తాయి. అప్పుడు ఆయనకి తోచింది: రాయి కదిలింది. కదిలినట్టు తన దృష్టికి వచ్చింది. ఆయన జీవితంలో పెట్టమన్న రాయి పెట్టకుండా ఎప్పుడూ లేడు, వెయ్యమన్న ఈల వెయ్యకుండా ఎలా ఉంటాడు? చెయ్యి దానంతటదే పైకి పోయింది.

ఈల ఊదాక గానీ ఏం చేశాడో తవిటయ్యకి తెలియలేదు.

పాత్రుడు బడి వరండాలోంచి పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఎవుడు? రాయెవుడెత్తినాడు?"

"నానే."

"ఈలెవుడేసినాడు?"

"నానే."

"మరి సూసినోడెవుడు?"

"నానే మరి."

పాత్రుడు నీరసంగా ఒక నెంబరు రాయి మీద కూలబడ్డాడు. "ఒక్క ముక్క అబద్ధమాడితే ఏటైపోద్ది తవిటయ్యా? కోతెత్తింది అనరాదా?"

"రాయి నా సేతిలో ఉంది కదేటి," అన్నాడు తవిటయ్య. అంటూ ఆ రాయిని ఎత్తినట్టే పెట్టాడు.

పైవారానికి ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు కాగితాలొచ్చాయి. ఒకటి విధి నిర్వహణలో స్వపరభేదం పాటించని సంరక్షకునికి ప్రశంసా పత్రం. రెండోది అదే సంరక్షకుడు కనిపెట్టి పట్టిన నేరస్థునికి తాఖీదు. నేరానికి వాడిన గాలం కర్రని స్వాధీనం చేసుకుని లక్క సీలు వేశారు. స్వాధీనమైన సొత్తు సంరక్షకుడి దగ్గరే ఉండాలి కనక తెచ్చి తవిటయ్యకే ఇచ్చారు. ఆయన దాన్ని యథాప్రకారం చూరులో దోపాడు.

"ఈ రెండు కాయితాల్లో ఏది పులుసు, ఏది వేపుడు?" అంది సూరీడమ్మ. ఈసారి గౌరి నవ్వలేదు. మేక పాలు దూదితో పిండుతుంటే పిల్ల నాలుకతో తోసేస్తోంది. ఏడ్చే ఓపిక కూడా తగ్గుతోంది. పిల్ల ఏడుపు తగ్గితే ఇల్లు ఎంత భయంగా ఉంటుందో తవిటయ్యకి అప్పుడు తెలిసింది. ఆయన అరుగు మీద కూర్చుని పడమటి కొండవైపు చూస్తూ ఉండిపోయాడు.

అక్కడ మబ్బు లేచింది.

తెల్లారేసరికి సన్నగెడ్డ ఒక పని చేసి ఉంచింది. కొండ మీద కురిసిన వాననంతా ఒక్క ఊపున దింపుకొచ్చి, రేవులో నెంబరేసిన ప్రతి రాయినీ దొర్లించి, ఒకదాని మీద ఒకటి పోసి, పొద్దెక్కేటప్పటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ సన్నగా పారుతోంది. రేకు బోర్డు ఎక్కడా లేదు.

చిదానందం గారు మధ్యాహ్నానికి ముందే వచ్చారు. గట్టున నిలబడి పటం విప్పి, గెడ్డతో పోల్చి చూసుకున్నారు. మర్నాడు ఆ పటం పట్టుకుని రాజధానిలో ఉత్తమ ఆచారానికి బహుమతి అందుకోవలసిన మనిషి.

"సామూహిక స్థానభ్రంశం," అన్నాడు చివరికి. "ఎవరు బాధ్యులు?"

"వరదండి," అన్నాడు పాత్రుడు.

"వరద ఒక సంఘటన. నేను నిందితుణ్ణి అడుగుతున్నాను."

పాత్రుడు గెడ్డవైపు చూశాడు. "ఇదేనండి."

"పూర్వానుమతి తీసుకుందా?"

"నేదండి."

"తాఖీదు ఇవ్వండి."

పాత్రుడు కాగితం తీసి రాయబోయి ఆగాడు. "చిరునామా అండి?"

"ఎక్కడ నివసిస్తోందో అదే."

"అదే సిక్కండి. ఇది నివసించదండి. ఎల్లిపోతుంటుంది."

"అయితే పరారీలో ఉన్నట్టు రాయండి," అన్నాడు చిదానందం.

తాఖీదు గట్టున నిలబడి ముమ్మారు చదివారు. నీళ్లలో వదిలారు. గెడ్డ దాన్ని తీసుకుపోయింది. 'స్వయముగా అందుకొన్నది' అని పాత్రుడు రాసుకున్నాడు. జవాబు చెప్పుకోవడానికి సారు టీ తాగే అంత గడువిచ్చారు. ఫ్లాస్కులో టీ అయిపోయింది, గెడ్డ మాత్రం తన మాట తనే మాట్లాడుకుంటూ పోయింది. దాంతో ఏకపక్ష ఉత్తర్వు వెలువడింది: శిలలన్నిటినీ విభాగమే దగ్గరుండి యథాస్థానంలో పెట్టించును.

ఊరందరినీ గెడ్డలోకి దించారు. ఇన్నాళ్లూ ఒక్క రాయి ముట్టుకుంటే నేరం. ఇప్పుడు ముట్టుకోకపోతే నేరం. అంకెలు చాలావాటికి అడుగుకి పోయాయి, ఏ రాయి ఏదో తెలియాలంటే ప్రతి రాయీ తిరగేయాల్సిందే. చిదానందం గారు గట్టున కుర్చీ వేయించుకుని, పటం ఒళ్లో పరుచుకుని కేకలు పెట్టసాగారు. "ఎత్తండి! చదవండి! మోయండి! పెట్టండి!"

"బాబూ!" దాలినాయుడు నడుం లోతు నీళ్లలోంచి అరిచాడు. "నా రాయి ఇలాగ సూస్తే ఆరు, అలాగ సూస్తే తొమ్మిది. ఏది రాసుకోమంటారు?"

"ప్రవాహ దిశగా చదువు!"

"ప్రవాహం సుడి తిరుగుతోంది బాబూ!"

తవిటయ్య ఒక పక్కన వంగి రాళ్లు ఎత్తుతున్నాడు. ఆ రోజు డ్యూటీ కనక టోపీ పెట్టుకున్నాడు. ఎత్తిన ప్రతి రాయి అడుగునా పురుగులు. వరదకి దొర్లి దొర్లి, ప్రాణం గట్టి చేసుకుని అతుక్కున్నాయి. ఎత్తిన రాయిని ఎత్తినట్టే పెట్టడానికి లేదు, ఎక్కడో దూరంగా దాని నెంబరు చోటికి మోయాలి. ఎండలో మోస్తే పురుగు ఎండిపోతుంది. ఆయన ఎండకేసి ఒకసారి చూశాడు. తర్వాత టోపీ తీసి, అందులో తడి పాచి పరిచి, పురుగుల్ని ఒక్కొక్కటిగా వేలితో జరిపి దాని మీద వేయడం మొదలుపెట్టాడు.

చిదానందం చూడనే చూశాడు. "సంరక్షకా! టోపీలో ఏమిటది?"

అందరూ పని ఆపారు. దాలినాయుడు ఆరో తొమ్మిదో రాయిని గుండెకి హత్తుకుని నిలబడిపోయాడు.

తవిటయ్య టోపీలోకి చూశాడు. సారు వైపు చూశాడు. అబద్ధం వెతకలేదు. వెతికినా ఆయనకి దొరకదు.

"ఇళ్లు పోయినోలు బాబూ," అన్నాడు.

చిదానందం కుర్చీలోంచి లేచాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పునరావాసం!" అన్నాడు. "చూశావా పాత్రుడూ? శిల గురించి ఆలోచించామే గానీ శిలాశ్రితుల గురించి ఆలోచించామా? రాసుకో. నిర్వాసిత జీవుల తాత్కాలిక పునరావాస కేంద్రం."

"ఎక్కడని రాయమంటారండి?"

"టోపీ అని రాయి."

అందరూ తమ రాళ్ల పురుగుల్ని తెచ్చి తవిటయ్య టోపీలో వేశారు. సగం నిండింది.

సాయంత్రం అవుతుండగా కొండ మీద మళ్లీ ఉరిమింది. ఇక్కడ చినుకు లేదు గానీ గెడ్డ రంగు మారడం మొదలైంది. దిగువన రోడ్డు దాటేచోట నీరు పైకి పొర్లిందని ఎవరో వచ్చి చెప్పారు. జీపు ఇక ఆ రాత్రికి కదలదు. సారు భోజనం క్యారేజీ గట్టు కింద చల్లగా ఉంటుందని పాత్రుడు నీళ్ల పక్కన పెట్టాడు. అది అప్పటికే దిగువ ఊరి దారి పట్టింది. పొద్దుటి నుంచీ సారు కడుపులో టీ తప్ప ఏమీ లేదు. పేర్చిన రాళ్ల మీదికి నీరెక్కుతోంది. ఒకటి దొర్లింది. పక్కది దాని వెనకే పోయింది. చిదానందం ఒళ్లో పటం చూశాడు, గెడ్డని చూశాడు, పటం మడిచేశాడు.

"ఆ జీవులు?" అన్నాడు నీరసంగా.

"ఉన్నాయి బాబూ."

"వాటినైనా వాటి నీళ్లలో చేర్చెయ్యి."

తవిటయ్య తల ఊపాడు. ఇంటికెళ్లి చూరులోంచి కర్ర తెచ్చాడు. లక్క సీలు వేలాడుతూనే ఉంది. పెద్ద బండ వెనక, కొత్త మురికి నీరూ పాత తేట నీరూ కలిసేచోట ఒడ్డున కూర్చున్నాడు. నీరు పెరిగే వేళ చేపలు నడిమి వడి వదిలి ఒడ్డుకి మేతకొస్తాయి. టోపీలోంచి ఒక పురుగుని తీసి, కొక్కేనికి గుచ్చి, నీళ్లలో చేర్చాడు.

పాత్రుడు గతుక్కుమన్నాడు. "సార్! అది స్వాధీనమైన కర్రండి! సీలు కూడా..."

అప్పుడే గట్టు మీది తవిటయ్య ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపించింది. గొంతు ఊరంత లేదు. వత్తి తగ్గించిన దీపంలా ఉంది. సూరీడమ్మ గుమ్మంలోకొచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. సూరీడమ్మ ఏమీ అనకపోవడం ఆ ఊళ్లో అదే మొదటిసారి.

"ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?" అన్నాడు చిదానందం.

"తల్లికి పాల్లేవండి," అన్నాడు పాత్రుడు. "పరిగె కూరెడితే పడతాయంట. ఎర మీద నిషేధం కదండీ."

చిదానందం ఆ ఇంటి గుమ్మంవైపు చూశాడు. ఆయనకన్నా ముందు ఆయన కడుపు మాట్లాడింది, అది పాత్రుడికీ వినిపించింది.

"పాత్రుడూ."

"సార్."

"అది గాలం కర్ర కాదు. చేరవేత సాధనం."

"రాయమంటారాండి?"

"రాయకు," అన్నాడు చిదానందం. అలా అనడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

దారం నీళ్లలోకి దిగేచోట తవిటయ్య చూపు నిలిపాడు. దారం పోతోంది, పోతోంది, ఒక్క రెప్పపాటు తడబడింది. మణికట్టు విదిలించాడు. వెండి కత్తిలాంటి పరిగె ఒకటి గాలిలోకి లేచి ఒడ్డున పడింది. చిదానందం గబుక్కున మొహం తిప్పి, మబ్బుల పరిస్థితి పరిశీలించసాగాడు.

"తవిటయ్యా," అన్నాడు కాసేపటికి, అటే చూస్తూ. "పునరావాసం ఎంతవరకు వచ్చింది?"

"అవుతాంది బాబూ."

"త్వరగా కానియ్యి."

చీకటి పడే లోపల టోపీ ఖాళీ అయింది, మళ్లీ నిండింది. ఈసారి పురుగులతో కాదు.

సూరీడమ్మ నెంబరున్న పొయ్యిరాళ్లని కాళ్లతో జరిపి సమం చేసుకుంది. నెంబరున్న సన్నికల్లు మీద వెల్లుల్లి, మిరియాలు నూరింది. ఆ చప్పుడు పాత్రుడికి వినిపించింది, కానీ ఆయన చెవి గోక్కున్నాడు. కూర ఉడికాక మొదటి గిన్నె గౌరికి వెళ్లింది. గౌరి తిన్నంతసేపూ బయట ఎవరికీ వడ్డించలేదు. ఎవరూ అడగలేదు. తర్వాత వసారాలో అడ్డాకులు పరిచి, అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. సారు, పాత్రుడు, దాలినాయుడు, చివర తవిటయ్య. వేడన్నం, దాని మీద పరిగెల కూర.

పాత్రుడు మొదటి ముద్ద మింగి, "సార్, ఈ కూ..." అన్నాడు.

చిదానందం ఆయన వంక చూశాడు. పాత్రుడు మిగతా మాటని రెండో ముద్దతో పాటు మింగాడు. బాగుందంటే ఏది బాగుందో చెప్పాలి. ఏదో చెబితే ఎక్కడిదో చెప్పాలి. ఎక్కడిదో చెబితే సంతకం పెట్టాలి. దాలినాయుడికి కూడా ఆ సంగతి అర్థమైంది. ఆయన నోరు మూసుకుని ఉండడం గెడ్డ ఎదురెక్కి పారినంత వింత.

వాన మొదలైంది. చూరు నీళ్లు కారుతున్నాయి. లోపల పిల్ల ఏడుపు ఎత్తుకుంది, విదిలించుకుంది, మళ్లీ ఎత్తుకుంది. అన్నం కలిపే చేతులు ఆగాయి. ఏడుపు సగంలో తెగిపోయింది. అందరూ గుమ్మంవైపు చూశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, గుటకలు వినిపించాయి.

సూరీడమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తవిటయ్య తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాడు. ముద్ద నోటిదాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది.

చిదానందం మాట్లాడకుండా ఆకు ముందుకి జరిపాడు. సూరీడమ్మ మాట్లాడకుండా ఇంకో చేప వేసింది. ఆయన దాన్ని నిదానంగా, ఒక్క నలుసు వదలకుండా తిన్నాడు. తిన్నాక ముల్లుని రెండు వేళ్లతో ఎత్తి, తల ఉన్నవైపు తల, తోక ఉన్నవైపు తోక, ఎత్తినట్టే ఆకు మీద పెట్టాడు.